ఉప్పుగాలి తగలనివ్వకండి

మా కొట్లో మూడు ప్రశ్నలుండేవి. బాగుచేసి ఇచ్చిన వస్తువు పట్టుమని వారం తిరక్కుండా మళ్ళీ మూలనపడిందని ఎవరైనా వస్తే, వాళ్ళు గుమ్మం ఎక్కేలోపే అడిగేసేవాళ్ళం. "కరెంటు హెచ్చుతగ్గులొచ్చేయా? ఇంట్లో ఎలకలున్నాయా? పైన ఏమన్నా కప్పేరా?" ఈ మూడింటికీ లేదని చెప్పగల ఇల్లు కోనసీమలో ఇంతవరకూ కట్టలేదు. ఏదో ఒకదానికి "ఆయ్" అనాల్సిందే. అన్నాక తప్పు వాళ్ళదైపోయేది. మేము పెద్దమనసు చేసుకుని మళ్ళీ చూసిపెట్టేవాళ్ళం. నలభై ఏళ్ళలో నేను నేర్చిన విద్యలన్నిటిలోకీ నన్ను ఎక్కువసార్లు కాపాడింది ఇదే. దీన్ని ఎందుకు మానేశానో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇప్పుడిప్పుడే స్క్రూడ్రైవరు పడుతున్నవాళ్ళు చదివితే సంతోషం. చదవకపోయినా నా గుండెల మీద బరువు కొంత దిగుతుంది.

కొట్టు అమలాపురం బస్టాండుకి దగ్గర్లో ఉండేది. రెండు బల్లలు. మొదటిది నాది, రెండోది నా భాగస్వామిది. ఇద్దరం రేడియోలతో మొదలుపెట్టి, టీవీల మీదుగా, వీసీఆర్ల మీదుగా కంప్యూటర్ల దాకా వచ్చినవాళ్ళం. ఆయన మాట్లాడేది తక్కువ. మాట్లాడితే మాత్రం వేలికి సోల్డరింగ్ ఐరన్ తగిలినట్టే ఉండేది. నేను దానికి పూర్తిగా వ్యతిరేకం. పుట్టు కంగారు మనిషిని. తాళం వేసి పది అడుగులు నడిచి, వెనక్కొచ్చి లాగి చూసే రకం. ఇంటికెళ్ళాక మళ్ళీ అనుమానం వచ్చిన రోజులూ ఉన్నాయి. ఇంత కంగారు మనిషినయ్యుండీ ఆ ఒక్క విషయంలో ఎందుకు కంగారు పడలేదన్నది ఇప్పటికీ నాకు అర్థం కాని సంగతి.

కొట్టు ఎత్తేసే ముందు ఏడాది. ఒకరోజు పదకొండింటికి, రాజోలు బస్సు దిగి ఒకావిడ వచ్చారు. యాభై దాటి ఉంటాయి. పాత చీరలో చుట్టిన ఓ బరువైన వస్తువుని పసిబిడ్డలా ఎత్తుకుని తెచ్చి నా బల్ల మీద పెట్టారు. విప్పి చూస్తే పాతకాలపు వాల్వు రేడియో. టేకు చెక్క పెట్టె, ముందు బంగారు రంగు గుడ్డ, గాజు డయలు, దానికి రెండు పక్కలా రెండు లావుపాటి నాబులు.

"అన్నయ్య గారండీ, ఇది పనికొస్తుందేమో చూస్తారాండి?"

వెనక అట్ట విప్పాను. చెదలు తిన్నంత తినగా, మిగిలినదాన్ని తుప్పు తినేసింది. సముద్రం పక్క ఊళ్ళ నుంచి వచ్చే సామాన్ల వాసన నాకు తెలుసు, విప్పగానే ముక్కుకి ఉప్పు తగులుతుంది.

"ఇది పాడదమ్మా. హాల్లో అందంగా పెట్టుకోండి," అన్నాను.

"పాడక్కర్లేదండి. ఇందులో ఉన్నదంతా తీసేసి కంప్యూటరు పెట్టాలండి. టీవీకి తగిలిస్తే బొమ్మలొచ్చేది."

రెండో బల్ల దగ్గర మా భాగస్వామి తలెత్తాడు. ఆయన తలెత్తడమంటే మా కొట్లో పెద్ద విషయమే.

ఆవిడ కూర్చుని నిదానంగా చెప్పారు. వాళ్ళది రాజోలు అవతల, గోదావరి సముద్రంలో కలిసే దగ్గర. భర్తకి వేట బోటు ఉండేది. ఇప్పుడు అమ్మేశారు. "ఆయనకి కంట్లో నీటికాసులండి. పక్కచూపు పోయిందండి. నడిమధ్యన కాస్త ఉంది. గొట్టంలోంచి చూసినట్టుంటుందంటారండి. అదీ ఎన్నాళ్ళో చెప్పలేమన్నారు డాక్టరు గారు. రిమోట్లూ సెల్‌ఫోన్లూ ఆయన చేతికి లొంగవండి. ఈ రేడియో అయితే తుఫాను కబుర్ల కోసం ఏళ్ళ తరబడి తిప్పేరు కదండి. కళ్ళు మూసుకునైనా తిప్పుతారు. అందుకనండి, ఈ పెట్టే కావాలి."

సంచిలోంచి ఓ వీడియో క్యాసెట్టు తీశారు. దాన్ని కూడా వేరే గుడ్డలో చుట్టారు.

"మా బోటు మొదటిసారి నీళ్ళలో దింపిన రోజున తీయించిందండి. ఇందులో మా మరిది గారున్నారండి. ఆ పై ఏడే జబ్బు చేసి పోయేరు. బొటనవేలంత ఫొటో ఒకటుంది గానండి, అందులో పోలికే తెలీదు. చూపుండగా తమ్ముణ్ణి ఒక్కసారి పెద్దగా చూసుకోవాలని ఆయన కోరికండి. చూపు పోయేక కనీసం మాటన్నా వినొచ్చండి, ఆ నాబులు తిప్పుకుని. అంతేనండి మాకు కావల్సింది."

అంతేనండి అన్నారు. ఆ చిన్నమాట వెనక ఎంత పనుందో నాకు తెలుసు. వీడియో హాళ్ళ కాలంలో నేను బాగుచెయ్యని వీసీఆర్ లేదు. క్యాసెట్టు మూత ఎత్తి చూస్తే టేపు అంచున తెల్లటి బూజు. అది ఒకసారి తిరుగుతుందో, అర్ధసారి తిరుగుతుందో దానికే తెలియాలి. అయినా ఆవిడ మొహం చూసి "అలాగేనమ్మా" అనేశాను.

ఆవిడ వెళ్ళాక మా భాగస్వామి అన్నాడు, "అది రేడియో కాదు. ఆళ్ళింట్లో మనిషి. రంపం ఎట్టే ముందు ఆలోచించుకో."

ఆలోచించుకోమనడం ఆయన వంతు, నిద్ర మానుకోవడం నా వంతు. మూడు రోజులు ఆ పెట్టె చుట్టూ తిరిగాను. కొలవడం, మళ్ళీ కొలవడం. టేకు కదా, ఓసారి కోస్తే మళ్ళీ అతకదు. నాలుగో రోజు పొద్దున్నే చేతులు కడుక్కుని, దేవుడి పటానికి దణ్ణం పెట్టుకుని కోశాను. లోపల చిన్న మదర్‌బోర్డు, ఓ హార్డ్ డిస్కు, ఓ ఫ్యాను. ఎడమ నాబు తిప్పితే మునుపటిలాగే టక్కుమని ఆన్ అయ్యి, ఇంకా తిప్పితే సౌండు పెరగాలి. కుడి నాబు తిప్పితే వీడియో ముందుకో వెనక్కో జరగాలి. దానికి పాత డయలు తాడు కట్టి ముల్లు కూడా కదిలేలా చేశాను. ఆ ముల్లు వల్ల ఉపయోగం ఏమీ లేదు. కానీ కదిలితేనే అది రేడియో.

గాలి సంగతికి వస్తాను. పాత అట్ట చెదలు తినేసింది కాబట్టి, వెనక వైపు ప్లైవుడ్డుతో గట్టిగా మూసేశాను. సముద్రపు గాలి వెనకనుంచి కొట్టకూడదని నా తెలివి. వేడి పైకే పోతుంది కాబట్టి పెట్టె నెత్తిన సన్నటి చీలికలు వరసగా కోశాను. ఎంత తీరుగా కుదిరాయో! రేడియోతో పాటే పుట్టినట్టున్నాయి. వచ్చినవాళ్ళందరికీ చూపించాను. ఇక్కడే నేను మునిగింది. అది చాలా రోజుల తరవాతగానీ తెలియలేదు.

క్యాసెట్టుని రెండు రోజులు తుడిచాను. దూదితో, గాజు పాత్రకి గంధం రాసినంత మెల్లగా. మా కొట్లో బతికున్న ఒకే ఒక్క వీసీఆర్‌లో పెట్టి, కంప్యూటర్లోకి ఎక్కించడం మొదలుపెట్టి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. ఇరవై నిమిషాలు నడిచింది. ఆ తరవాత కీచుమని ఓ చప్పుడు. టేపు హెడ్డుకి చుట్టుకుని పుటుక్కున తెగింది. విప్పి చూస్తే పూత రాలిపోయి వట్టి ప్లాస్టిక్కు మిగిలింది. ఇక ఆ క్యాసెట్టు లేదన్నమాటే. పోనీలే, ఇరవై నిమిషాలు దక్కాయి, మరిది గారు దక్కారు అనుకున్నాను.

ఆ ఇరవై నిమిషాలనీ ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. బొమ్మ అడుగున ఓ తెల్లగీత వణుకుతూ ఉండేది, దాన్ని తీశాను. ఎరుపు రంగు పక్కలకి కారేది, దాన్ని సర్దాను. బోటుని మోకుతాళ్ళు కట్టి ఇసక మీంచి నీళ్ళలోకి లాగేటప్పుడు ఆ తమ్ముడు ముందుండి "హైలెస్సా" అని కేక పెడుతుంటే, రేడియో స్పీకరు ముందు గుడ్డ జుయ్యిమని అదిరేది. ఎక్కడ అదురుతోందో పట్టుకోవడానికి ఆ ముక్క వరకూ, ఓ అయిదు నిమిషాల సౌండు నా ఫోన్లోకి ఎక్కించుకుని బస్సులో వస్తూ పోతూ చెవిలో పెట్టుకుని వినేవాణ్ణి.

"రెండో కాపీ తీసేవా?" అన్నాడు మా భాగస్వామి ఓ శుక్రవారం.

"రేపు తీస్తాను. పెద్ద డిస్కు నీ బల్ల సొరుగులో ఉందిగా?"

"సొరుగు తాళం నా దగ్గరుంటది. రేపు నేను వాడపల్లి పోతన్నాను."

అక్కడి గుడికి ఏడు శనివారాలు వస్తానని ఆయన మొక్కుకున్నాడు. అది అయిదోది. తాళం ఇచ్చి వెళ్ళమని ఒక్క మాట అడిగితే సరిపోయేది. నేను అడగలేదు. శనివారం నాడు ఒక్కడినే కావడంతో కొట్లో ఊపిరి తీసుకోవడానికి తీరలేదు. ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకి ముహూర్తం పెట్టారని ఆవిడ ఫోన్ చేశారు. ఇచ్చాక మళ్ళీ ఎప్పుడన్నా వెళ్ళి కాపీ తీసుకోవచ్చు, ఎక్కడికి పోతుంది అనుకున్నాను. తాళం లాగి చూసుకునే మనిషిని ఈ మాట ఎలా అనుకోగలిగానో!

ఆదివారం ఆ పెట్టెని ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. గతుకు వచ్చినప్పుడల్లా నా నడుం ఇచ్చానుగానీ దానికి దెబ్బ తగలనివ్వలేదు. రాజోల్లో దిగి ఆటో. ఆయన గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. పొడగరి. తలని అటూ ఇటూ తిప్పి, నన్ను వెతికి పట్టుకుని, అప్పుడు నవ్వారు.

"రండి బావ గారూ. మా ఆవిడ మిమ్మల్ని అన్నయ్య గారంటోంది, నాకు బావ గారే కదండి మరి."

లోపల టీవీ బల్ల మీద రేడియోకి చోటు సిద్ధంగా ఉంది. పెట్టి తీగలన్నీ కలిపాను. వెనక్కి తిరిగేసరికి ఆవిడ పళ్ళెంలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డారు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఓసారి ఇలాగే కొత్త కంప్యూటరు నెత్తిన కాయ కొట్టి, నీళ్ళు లోపలికి దిగి, అది పుట్టిన రోజే పోవడం నేను కళ్ళారా చూశాను.

"అమ్మా, కాయ వాకిట్లోనండి! ఇక్కడ ఒక్క చుక్క పడ్డా అంతే సంగతులు!"

"ఆయ్, అలాగేనండి అన్నయ్య గారూ," అని వాకిట్లోకి వెళ్ళి కొట్టుకొచ్చారు. పసుపుబొట్టు కూడా నన్ను అడిగి, నేను చూపించిన చోట పెట్టారు. చెప్పిన మాట అంత శ్రద్ధగా వినే మనిషిని చూసి నాకు ధైర్యం వచ్చింది. ఆ ధైర్యంతోనే ఇంకో మాట చెప్పాను. ఒకసారి కాదు, మూడుసార్లు చెప్పాను.

"ఉప్పుగాలి తగలనివ్వకండమ్మా. ఈ గాలి ఇనుప చువ్వల్నే తినేస్తుంది, దీన్ని వదుల్తుందా? ఎలాగన్నా కాపాడుకోండి. ఉప్పుగాలి మాత్రం తగలకూడదు."

ఆవిడ డాక్టరు మాట విన్నట్టు విన్నారు.

ఆయన కుర్చీని టీవీకి మూరెడు దూరంలోకి జరుపుకుని చెయ్యి చాపారు. చూడకుండానే ఎడమ నాబు వేళ్ళకి దొరికింది. టక్కుమంది. బొమ్మ వచ్చింది. ఇసక, జనం, పసుపు రాసిన కొత్త బోటు. ఆయన తల మెల్లగా జరుపుతూ, తన గొట్టం చూపుతో తెర అంతా వెతికి, ఓ చోట ఆగారు.

"ఆ చొక్కా నాదండి," అన్నారు చివరికి. "అడక్కండా ఏసుకెళ్ళిపోయేడు."

ఆవిడ పమిట నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను ఇంకా ఫ్యాను చప్పుడు వింటూనే ఉన్నాను. చప్పుడు బాగానే ఉంది. వచ్చేటప్పుడు సంచినిండా ఎండు రొయ్యలు పెట్టారు. బస్సులో నాకు పాట రాదుగానీ, వస్తే పాడుకునేవాణ్ణి.

శుక్రవారం పొద్దున్న కొట్టు తీయగానే ఫోన్.

"అన్నయ్య గారండీ... బొమ్మ ఆగిపోయిందండి. ఏదో మాడు వాసనండి."

నా నోరు నన్ను అడగలేదు. నలభై ఏళ్ళ అలవాటు దాని పని అది చేసుకుపోయింది. "కరెంటు హెచ్చుతగ్గులొచ్చేయా?"

"లేదండి."

"ఎలకలు?"

"లేవండి."

"పైన ఏమన్నా కప్పేరా?"

అవతల సన్నగా, "ఆయ్. లేసు గుడ్డండి."

నిజం చెప్పాలి. ఆ క్షణాన నా మనసు చల్లబడింది. తప్పు నాది కాదు. ఆ చల్లదనం తలచుకుంటే ఇప్పుడు నాకు సిగ్గేస్తుంది. "అయ్యయ్యో, అలా కప్పితే ఎలాగమ్మా?" అన్నాను, పెద్ద మనిషిలా. ఆవిడ "తప్పయిపోయిందండి" అని ఫోన్ పెట్టేశారు.

మా భాగస్వామి ఐరన్ పక్కన పెట్టాడు. "డిస్కు పోయిందేమో. పోనీ, కాపీ ఉందిగా?"

నేను ఆయన సొరుగు వైపు చూశాను. ఆయన నా మొహంలోకి చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. నా సంచీ తీసి నా చేతికిచ్చి, "బస్సు తప్పిపోద్ది. ఎల్లు," అన్నాడు.

ఆ దారి అంత పొడుగని నాకు మునుపెప్పుడూ తెలియదు. ప్రతి స్టేజీలోనూ బస్సు ఆగింది. కాలవ గట్టు మీద గెలలు దింపుతున్న లారీ అడ్డం వస్తే అరగంట. నేను కిటికీ చువ్వ పట్టుకుని లెక్కలు వేస్తున్నాను. ఫ్యాను పోయి ఉంటుంది, డిస్కు బతికే ఉంటుంది. బోర్డు పోయి ఉంటుంది, డిస్కు బతికే ఉంటుంది. ఎక్కడ మొదలెట్టినా లెక్క ఆ డిస్కు దగ్గరికే వచ్చి ఆగుతోంది. లేసు గుడ్డ కదా, లేసంటేనే కన్నాలు కదా, గాలి పూర్తిగా ఎలా ఆగింది అన్న అనుమానం కూడా తాటిపాక దాటాకే వచ్చింది.

ఆ ఊళ్ళల్లో లేసు అల్లని ఆడవాళ్ళు తక్కువ. టీవీ మీద లేసు, ఫ్రిజ్ మీద లేసు, రేడియో మీద సరేసరి. రేడియోలు బాగుచేసిన నలభై ఏళ్ళలోనూ లేసు గుడ్డ లేని రేడియోని ఆ వైపు నేను చూడలేదు. పాత రేడియోలకి గాలి వెనకనుంచి ఆడేది కాబట్టి ఆ గుడ్డతో ప్రమాదం లేదు. వెనక మూసేసి నెత్తిన కన్నాలు పెట్టిన మొనగాణ్ణి నేనే. చూసి చూసి ఉన్న గుడ్డ నాకు కోసేటప్పుడు గుర్తుకు రాలేదు. ఇంక కొబ్బరి నీళ్ళకి మాత్రం ఎంత భయపడ్డాననుకున్నారు!

ఇంటికి చేరేసరికి ఆయన రేడియో ముందు కూర్చుని ఉన్నారు. చెయ్యి నాబు మీదే ఉంది.

"బావ గారొచ్చేరా? చూడండి, మా ఆవిడేదో తప్పు చేసేసిందంటండి. పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. వంటింట్లోంచి ఇవతలకి రాదు."

నేను రేడియో దగ్గరికి వెళ్ళి లేసు గుడ్డ ఎత్తాను. తెల్లగా, మంచులా ఉంది. కొత్తది, ఈ రేడియో కోసమే అల్లినట్టుంది. దాని కింద ఇంకొకటి ఉంది. దళసరి ప్లాస్టిక్కు కాగితం. పెట్టె కొలతకి సరిగ్గా కత్తిరించి, అంచులు మడిచి, చేత్తో కుట్టి, నాలుగు వైపులా కిందికి దిగేలా తొడుగు చేశారు. ఎక్కడా సందు లేదు. వేలు దూరే చోటు లేదు. అది పారేసిన ప్లాస్టిక్కు ముక్క తెచ్చి కప్పడం కాదు. రెండు రోజులు కూర్చుని, సూదితో చేసిన పని.

ఉప్పుగాలి మాత్రం తగలకూడదు.

నా గొంతే నాకు వినిపించింది. మూడుసార్లు.

తలెత్తితే వంటింటి గుమ్మంలో ఆవిడ. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. ఆయనకి వినపడకుండా దగ్గరికి వచ్చి అన్నారు, "మీరు చెప్పేరని ఆయనతో అనలేదండి. మీకు మాటొస్తుందని."

ఎవరికి మాట వస్తుందని? నేను ఫోన్లో ఆవిడ నెత్తిన వేసిన నిందని ఆవిడ పొద్దుట్నుంచీ మోస్తున్నారు. నా పరువు పోకూడదని. నేను ఎవరిని? నిన్నగాక మొన్నటి అన్నయ్యని.

పెట్టె విప్పాను. ఫ్యాను రెక్కలు కరిగి ఒరిగిపోయాయి. డిస్కుని విడిగా కరెంటుకి తగిలించి చెవికి ఆనించుకున్నాను. టిక్కు, టిక్కు, టిక్కు. డిస్కు లోపల తిరిగే పళ్ళెం మీద సూది గీసుకుంటున్న చప్పుడు. ఈ చప్పుడు తెలిసినవాళ్ళకి ఇంకేమీ చెప్పక్కర్లేదు. అయినా నేను స్క్రూలు విప్పుతూ, బిగిస్తూ, తీగలు తుడుస్తూ పావుగంట గడిపాను. పని చేస్తున్నట్టు నటించాను. 'గుడ్డ కప్పడం వల్లేనండి' అని ఒక్క మాట అంటే బయటపడతాను. ఆవిడ కాదనరు. ఎప్పటికీ కాదనరు. ఆయన చూపు పోయాక, ఇంట్లో ఆ మూగ రేడియో ఎదురుగా, ఆవిడ బతికినంత కాలం ఆ మాట మోస్తారు. అంత సులువుగా నేను బస్సెక్కగలను. ఆ సులువు చూసే నాకు భయం వేసింది.

స్క్రూడ్రైవరు కింద పెట్టాను.

"బావ గారూ, తప్పు ఆవిడది కాదండి. ఉప్పుగాలి తగలకుండా కాపాడమని మూడుసార్లు చెప్పింది నేను. చెప్పినట్టే కాపాడేరు. పైన కన్నాలు పెట్టిందీ నేనే, వాటిని మూయకూడదని చెప్పనిదీ నేనే."

ఆయన తల ఇటు తిప్పారు.

"ఇంకోటి కూడా ఉందండి. దీనికి రెండో కాపీ తీసి ఉంచాలి. అది మా పనిలో మొదటి పాఠం. నేను తీయలేదు. క్యాసెట్టు ముందే తెగిపోయింది."

"అయితే తమ్ముడు..."

"ఇందులో ఇంక లేరండి."

నాబు మీద ఆయన వేళ్ళు బిగిశాయి. ఎడమకి తిప్పారు, కుడికి తిప్పారు. టక్కు, టక్కు. నేను తల వంచుకుని నిలబడ్డాను. ఆ చెయ్యి లేచి నా చెంప మీద పడితే బాగుండుననిపించింది.

ఆయన కుర్చీలో వెనక్కి తిరిగి, తల అటూ ఇటూ తిప్పి ఆవిణ్ణి వెతికారు. "ఏమేవ్, ఎక్కడున్నావ్? నీ తప్పేం లేదంట. ఎళ్ళి అన్నం తిను."

ఆవిడ లోపలికి వెళ్ళేదాకా ఆగారు. పళ్ళెం చప్పుడు వినిపించాక నాతో అన్నారు, నెమ్మదిగా. "సముద్రంలోకి ఒక్క మోకుతో ఎవడూ ఎళ్ళడండి, బావ గారూ."

అంతే. ఇన్నేళ్ళలో నన్ను ఎందరో తిట్టారు. అవేవీ గుర్తులేవు.

డిస్కుని హైదరాబాదులో, చెడిపోయిన డిస్కుల్లోంచి ఉన్నది బయటికి తీసేవాళ్ళ దగ్గరికి పంపాను. పళ్ళెం గీసుకుపోయిందని తిప్పి పంపారు. నేను కొట్లో ఏ పనీ చెయ్యకుండా కూర్చున్నాను. రెండు రోజులు చూసి మా భాగస్వామి అన్నాడు, "బస్సులో చెవిలో ఎట్టుకుని వినేవాడివి. అదేమైంది?"

ఫోన్. అయిదు నిమిషాలు. బొమ్మ లేదు, వట్టి సౌండు. జేబులోంచి తీయబోతే ఫోన్ జారింది. ఆయన వంగి తీసి, తుడిచి ఇచ్చి, తన సొరుగు తాళం తీసి నా బల్ల మీద పెట్టాడు. ముందు రెండు కాపీలు తీయించాడు. ఆ తరవాతే టీ.

రేడియో లోపలంతా మళ్ళీ చేశాను. ఈసారి తిరిగే డిస్కు లేదు, ఫ్యాను లేదు. బోర్డుకి ఉప్పు అంటకుండా వార్నిషు పూత పూశాను. కన్నాలు అడుగునా, వెనకా పెట్టి పెట్టెకి నాలుగు కాళ్ళు బిగించాను. నెత్తిన కోసిన చీలికల్ని టేకు ముక్కలతో పూడ్చాను. మచ్చ కనిపిస్తుంది, కనిపించనీ. ఆ ఇంట్లో రేడియో మీద లేసు గుడ్డ ఉంటుంది. దాన్ని తీయమనడం నా పని కాదు, ఉంటుందని తెలుసుకుని పెట్టె చెయ్యడం నా పని. ఈ ఒక్క ముక్క నేర్చుకోవడానికి నలభై ఏళ్ళూ, ఒకరి తమ్ముడూ ఖర్చయ్యారు.

ఓ కాపీ మా కొట్లో, ఓ కాపీ పెన్‌డ్రైవులో. పెన్‌డ్రైవు ఎక్కడ దాచాలని ఆవిడ అడిగితే నేను నోరు తెరవడానికి భయపడ్డాను. చివరికి ఆవిడే, "బియ్యం డబ్బాలో పెడతానండి. అక్కడ చెమ్మ రాదు," అన్నారు. అంతకన్నా మంచి చోటు నేను చెప్పగలిగేవాణ్ణి కాదు. మూడో కాపీ ఇప్పటికీ నా ఫోన్లో ఉంది.

అన్నీ సర్ది తీసుకెళ్ళేసరికి రెండు నెలలు పట్టింది. ఈసారి ఆయన గుమ్మంలో నిలబడి తల తిప్పి వెతకలేదు. నా అడుగుల చప్పుడుకే "బావ గారూ" అన్నారు. మధ్యన మిగిలిన ఆ కాస్త చూపూ పోయింది.

రేడియో పెట్టాను. "కప్పమంటారాండి?" అని అడిగారు ఆవిడ, గుడ్డ చేత్తో పట్టుకుని.

"కప్పండమ్మా. కప్పడానికే చేశాను."

ఆయన చెయ్యి చాపారు. టక్కు. ముందు అలల హోరు, తరవాత జనం గోల. ఆయన నాబు మీద చెయ్యి తీయకుండా నాకు చెప్పడం మొదలుపెట్టారు. "ఇదిగో, ఇప్పుడు అందరూ మోకు పట్టుకుంటన్నారు. ఎడం పక్కన ఎర్ర తలగుడ్డాయన మా పెదనాన్న. మా ఓడు ముందుకొచ్చేడు. చొక్కా చేతులు మడుస్తన్నాడు." హైలెస్సా అని కేక. "అదిగో!" బొమ్మ నడిచిన ఆ అయిదు రోజుల్లో ఎన్నిసార్లు చూసుకున్నారో, ఒక్క అడుగు కూడా తప్పకుండా ఆయన లోపల బొమ్మ నడుస్తోంది. రెండో హైలెస్సా. మూడోది. ఓ పెద్ద అరుపు, నీళ్ళ చప్పుడు.

"ఇక్కడ వెనక్కి తిరిగి నావైపు చూసి నవ్వుతాడండి. మీరు మాకంటే ఎక్కువసార్లు చూసుంటారు కదా బావ గారూ. నవ్వుతాడు కదండి?"

నాకు గుర్తు రాలేదు. కళ్ళు మూసుకుని వెతికాను. అక్కడ బొమ్మ అడుగున వణికే తెల్లగీత ఎంత లావుందో గుర్తుంది. ఎరుపు ఎంత దూరం కారిందో గుర్తుంది. ఆ మనిషి మొహం ఒక్కసారైనా చూసిన గుర్తు లేదు.

"నేను గీతలే చూసేనండి," అన్నాను. "మనిషిని చూడలేదు."

ఆయన వేళ్ళు నాబు మీద ఆగాయి. రేడియో పక్కన నిలబడి లేసు గుడ్డ అంచులు సర్దుతున్న ఆవిడ చెయ్యి కూడా ఆగింది.

"ఆయ్, నవ్వుతారండి," అన్నారు ఆవిడ. "నేను చూసేను."

ఆయన తల ఊపి, కుడి నాబుని మెల్లగా వెనక్కి తిప్పారు. ముల్లు జరిగింది. అలలు మళ్ళీ మొదలయ్యాయి.